తెలంగి అని రాసిన చోట

"తెలుగు శాఖ తెరిపిస్త, మొదటి కుర్చీ నీదే" అని ముప్పై ఏళ్ళ కిందట నాకు మాట ఇచ్చిన మనిషి మొన్న మంగళవారం నాందేడ్‌లో పోయారు. ఆయన మా సార్. కాలేజీలో నాకు చరిత్ర చెప్పారు. తర్వాత కొత్తగా పెట్టిన విశ్వవిద్యాలయంలో పెద్ద పదవికి వెళ్ళారు. శాఖ తెరుచుకోలేదు, కుర్చీ రాలేదు. ఆ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో పుస్తకాలు అందించే అటెండరుగా చేరిన నేను అటెండరుగానే రిటైరయ్యాను.

సంతాప సభకు వెళ్ళాను. మొదట మాట్లాడినాయన సార్‌ని జ్ఞాన సముద్రమన్నాడు. ఈయన సార్ రాసిన పుస్తకం ఒకటి మా గ్రంథాలయంలో తీసుకుని ఏళ్ళ తరబడి ఉంచుకున్నాడు. తిరిగి ఇచ్చినప్పుడు పేజీలు కొత్త పుస్తకంలోలాగా అతుక్కునే ఉన్నాయి. రెండో ఆయన, సార్‌కి కులమంటే ఏమిటో తెలియదన్నాడు. సార్ ఇంట్లో నేను నీళ్ళు తాగిన తీరు ఆయన చూడలేదు.

సార్ ఇంటి వరండాలో మంచినీళ్ళ కుండ, ఎర్రమట్టి రంజన్ ఉండేది. కుండల్‌వాడి పక్కనున్న మా ఊరి నుంచి నేను ఎండలో పడి వస్తే సార్ కుర్చీలోంచి లేచి, స్వయంగా రంజన్‌లో ముంచి, గ్లాసు నా చేతికిచ్చేవారు. మా నాయన ఇంకొకరి చేలలో కూలి చేసేవాడు. సార్‌ది భూములున్న రైతు కుటుంబం. అలాంటి మనిషి నాకు నీళ్ళందించడం ఎంత పెద్ద సంగతో మా వాడంతా చెప్పుకున్నాను. మిగతా విద్యార్థులు ఎవరి నీళ్ళు వాళ్ళే ముంచుకునేవారు. వాళ్ళకంటే నేనే ఆయనకు దగ్గరవాణ్ణి అనుకున్నాను. చాలా ఏళ్ళకు ఒకసారి, సార్ ఏదో రాసుకుంటున్నారని నేనే రంజన్ దగ్గరికి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పుల మనిషి ఎంత వేగంగా లేచారంటే, ఆ వేగంతోనే నాకు అంతా అర్థమైంది.

"నువ్వు కూసో. నేనిస్త."

ఆయన దగ్గర నేర్చుకోలేదని మాత్రం అనను. నాకు మొదటి పుస్తకం ఇచ్చింది ఆయనే. క్లాసులో ఒక మాట తరచూ అనేవారు: "చరిత్రంటే రాజుల పేర్లు కాదు. ఏ పేరు మీద గీత కొట్టిండ్రో అది చూడాలె." ఈ ఒక్క మాటకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. చివరికి ఆ మాట ఆయన మీదే వాడవలసి వచ్చింది.

విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. సార్ కబురు పెట్టారు. సరిహద్దు ఊళ్ళ పిల్లలు తమ భాషలో పై చదువు చదవాలన్నారు. శాఖ తెరిచేదాకా గ్రంథాలయంలో కూర్చొమ్మన్నారు. ఉద్యోగం వదిలి వచ్చాను. అప్పుడు విశ్వవిద్యాలయమంటే అద్దె గదులు, పైన రేకులు. గట్టి వాన పడితే పాఠం ఆగేది. చాయ్ తాగే చోట మరాఠీవాళ్ళు ఒక బెంచీ, ఉర్దూవాళ్ళు ఒక బెంచీ, మా వాడల నుంచి వచ్చినవాళ్ళు గోడవార. ఏ కాగితం మీదా రాయకుండానే అది ఖాయమైపోయింది.

మొదటి ఏడు చేరే పిల్లల ఫారాల్లో మాతృభాష అనే గడి ఉండేది. అందులో తెలుగు అని తగినంతమంది రాస్తే శాఖ కోసం ప్రతిపాదన పంపుతామని విశ్వవిద్యాలయం కమిటీవాళ్ళు అన్నారు. మేమిద్దరం పని పంచుకున్నాం. వాడలకు నేను, రైతుల ఇళ్ళకు సార్. రైతుల ఇళ్ళలో నన్ను వాకిలి దాటనివ్వరు కాబట్టి ఆ పంపకం నాకు న్యాయంగానే తోచింది. కుండల్‌వాడి నుంచి కిన్వట్ దాకా బస్సుల్లో, జీపుల్లో తిరిగి, ఇంట్లో మాట్లాడే భాషే ఫారంలో రాయమని చెప్పాను.

తప్పు అక్కడే జరిగింది. మా వాడల్లో భాష పేరు అడిగితే "మన మాట" అంటారు. దానికి బడిలో వాళ్ళు విన్న పేరు మరాఠీవాళ్ళు పెట్టినది, తెలంగి. పిల్లలందరూ ఫారాల్లో తెలంగి అనే రాశారు. మా చెల్లెలూ అదే రాసింది. తెలుగులో ఎం.ఏ. చదివిన నాకు, మన భాష పేరు తెలుగు అని వాళ్ళకు చెప్పాలని తట్టనే లేదు.

ప్రతిపాదన పోలేదు. ఎందుకని అడిగితే సార్ కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పారు.

"తెలంగి అని రాసిండ్రు మనోళ్ళు. గసొంటి భాష పట్టికల లేదు."

"దిద్దొచ్చు గద సార్?"

"దిద్దిన."

ఆ ఒక్క మాట నమ్మి ఏళ్ళ తరబడి ఆయన తరఫున పోట్లాడాను. సార్ తెలుగు అని దిద్దినా పైవాళ్ళే తొక్కేశారని కనిపించినవాడికల్లా చెప్పాను. తర్వాత ఒక ఎండాకాలం పాత కాగితాల మూటలు తెచ్చి మా గ్రంథాలయం వెనక గదిలో పడేశారు. సార్ నేర్పిన పనే చేశాను, గీత కొట్టిన చోట్లు వెతికాను. మా వాడల పిల్లల ప్రతి ఫారంలోనూ తెలంగి మీద ఆకుపచ్చ గీత. దాని పైన అదే సిరాతో, సార్ ముత్యాల దస్తూరీలో, మరాఠీ.

మా చెల్లెలి ఫారం తీసుకుని సార్ ఇంటికి వెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన బుకాయించలేదు.

"అన్నీ మీ వాడోళ్ళ కాగితాలే వచ్చినయి. ఒక్క రైతు బిడ్డ రాయలే, నా కొడుకు గూడ మరాఠీ అనే రాసిండు. గది తెలుగు శాఖ అంటరా ఎవలన్న? మాదిగోళ్ళ శాఖ అంటరు. దానికి నేను పెద్దనై కూసోవాల్నా?"

రైతుల ఇళ్ళకు వెళ్ళారా అని అడిగాను. ఆయన లేచి, రంజన్‌లో ముంచి, గ్లాసు నా చేతికిచ్చారు. తాగాను. బయట ఎండ అలాంటిది.

ఆ తర్వాత ఆయన విశ్వవిద్యాలయం తొలినాళ్ళ చరిత్ర రాశారు. మొదటి ఏడు చేరిన పిల్లలంతా తమ మాతృభాష మరాఠీ అని రాసుకున్నారనీ, ఇందుకు ఆ ఫారాలే సాక్ష్యమనీ అందులో ఉంది. ఆ పుస్తకానికి నంబరు అంటించి అరలో పెట్టింది నేనే.

నిన్న ముద్ఖేడ్ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. అక్కడ అంగన్‌వాడీలో పిల్లలకు "మన మాట"లో పాటలు చెబుతుంది. సార్ గురించి నేను రాస్తున్నానని ఆమెకు తెలుసు.

"మంచిగనే రాయన్నా. సచ్చిపోయినోడు గద. కాలమే అసొంటిది."

తప్పును కాలం మీద తోసేసే పుస్తకాలు గ్రంథాలయంలో చాలా చదివాను, సమాజం మీద తోసేసేవి అంతకంటే ఎక్కువ. చెల్లెలి ఫారం ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. ఎంత నొక్కి రాసిందో, కాగితం తిప్పి వేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి. గీత కింద తెలంగి ఇంకా చదవడానికి వస్తుంది. ఒక సున్న, ఒక గుడి తీసి, రెండు కొమ్ములు పెడితే తెలుగు అయ్యేది. దిద్దే కలం చేతిలోనే ఉంది. కొట్టేయడానికి అంతకంటే ఎక్కువ సిరా పట్టింది. ఆ కలం పట్టుకున్నది కాలం కాదు, కమిటీ కాదు, మరాఠీవాళ్ళూ కాదు. మా సార్.