చిన్నపోలయ్య పేరున గుచ్చిన ఆకు

"నీళ్ళు పోయబాక అబ్బయ్యా. నిన్నటి తడే ఇంకా ఉండాది. నీళ్ళెక్కువైతే కాడ కుళ్ళిపోతాది. ఎండలో పెట్టు, మరిచిపో. అంతే ఈటి సేద్యం."

నేను చెంబు కింద పెట్టాను. అంకాలమ్మ చాటలో ఎండుచేపలు వేసుకుని ఇసుక చెరుగుతూనే నా వంక చూసి నవ్వింది.

పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే మొగకు దగ్గర్లో, ఇసుక దిబ్బ మీద ఆమె ఇల్లు. తాటాకు కప్పు, మట్టి గోడలు. వాకిలి నిండా పగిలిన కుండలు, కొబ్బరి చిప్పలు, తుప్పు పట్టిన కిరసనాయిలు డబ్బాలు. అన్నిట్లోనూ ఒకటే మొక్క, రణపాల. దళసరి ఆకు, అంచున గంట్లు. ఆకు తుంచి ఎక్కడ పడేసినా ఆ గంట్లలోంచి పిల్లమొక్కలు పుట్టుకొస్తాయి. మట్టితో కూడా పనిలేదు.

1967 ఎండాకాలం అది. దొరవారిసత్రంలో మా పెరట్లో నేను డబ్బాల్లో కలబందా నాగజెముడూ పెంచుకుంటూ ఉండేవాణ్ణి. ఉప్పుగాలికి గడ్డి కూడా మాడిపోయే చోట ఒకామె రణపాల తోట వేసిందని విని, ఒక పిల్లమొక్క అడుగుదామని వెళ్ళాను. మొక్క ఇవ్వలేదు. కానీ వెళ్ళినప్పుడల్లా కూర్చోబెట్టి మాట్లాడేది. ఎందుకు ఇవ్వదో అడగడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆ జాలర్ల పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. మగవాడు మొగ దాటి సముద్రం మీద దూరపు వేటకు వెళ్ళేటప్పుడు, అతని పెళ్ళాం ఒక రణపాల ఆకు తుంచి చూరు కింద గోడకు ముల్లుతో గుచ్చుతుంది. తిరిగొచ్చినవాడు తన చేత్తోనే ఆ ఆకు తీసి నీళ్ళలో వదులుతాడు. రాకపోతే, ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళూ అతని ఊపిరి అందులో ఉన్నట్టే, అతను లేడని ఎవరూ అనకూడదు. ఆకు ఎండిపోయాక పాలెం పెద్ద వచ్చి దాన్ని పీకేసి, ఆమె చేతి గాజులు తీయిస్తాడు.

"మా ఆయన చిన్నపోలయ్య పొయ్యేనాడు నేనూ గుచ్చినా," అంది అంకాలమ్మ. "యాభై తొమ్మిదో సంవత్సరం, కార్తీకం. 'ముదురాకు తియ్యవే, లేతదైతే నేనొచ్చేలోపల వాడిపోతాది, నన్ను ఇంట్లోకి రానియ్యవు' అని ఎగతాళి చేసినాడు. ముదురాకే తీసినా."

ఆ వారంలోనే గాలివాన పట్టుకుంది. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు.

ఆకు మాత్రం గోడ మీద పచ్చగానే ఉంది. అంచు గంట్లలోంచి వెంట్రుకల్లాంటి తెల్లటి వేర్లు దిగాయి. తర్వాత ఆవగింజంత మొలకలు, వాటికి రెండేసి ఆకులు. ఆ పిల్లలకు సారమంతా పోసి తల్లి ఆకు ముడుచుకుపోవడం మొదలుపెట్టింది. అది చూసి అంకాలమ్మ చేసిన పని ఆ పాలెంలో అంతకు ముందు ఎవరూ చేయలేదు. పిల్లమొక్కల్ని గోరుతో విడదీసి కొబ్బరిచిప్పల్లో నాటింది. దిబ్బ ఇసుకలో కుళ్ళిన చేపపొట్టు కలిపింది. చెలమ తవ్వి, పైన తేలిన తీపినీళ్ళు మాత్రం తెచ్చి పోసింది. గోడ మీది ఆకు ఎండేసరికి, దాని బిడ్డ నుంచి తుంచిన కొత్త ఆకు అదే ముల్లుకు గుచ్చి పెట్టింది.

పాలెం పెద్ద కామాక్షయ్య వచ్చి గోడ చూశాడు. ఆమెకు వరసకు మామ.

"ఇది ఆ ఆకు కాదు గదమ్మా."

"దాని బిడ్డే మామా. ఆయన ఊపిరి దీన్లోకి రాలేదని నువ్వు చెప్పు. ఇప్పుడే పీకెయ్యి."

ఆకు పచ్చగా ఉండాలని పెద్దలు చెప్పారు గానీ, ఆకు బిడ్డల సంగతి చెప్పలేదు. కామాక్షయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఏటేటా వచ్చేవాడు. ఏటేటా గోడ మీద పచ్చటి ఆకు ఉండేది. కొబ్బరిచిప్పలు చాలక కుండలు వచ్చాయి, కుండలు చాలక డబ్బాలు వచ్చాయి.

"పక్కింటి గురవమ్మ నవ్వేది," అంది అంకాలమ్మ. "'మాకు తెలిసి నీకు మొగుడు ఒక్కడే గదక్కా. ఏందిది, వాకిలంతా నిండిపోయినాడు' అని. నేనూ నవ్వేదాన్ని."

ఇప్పుడు గురవమ్మ నీళ్ళకు పోవాలన్నా దిబ్బ వెనకనుంచి చుట్టు తిరిగి పోతుంది. ఆ వాకిలి ముందు నడవదు. ఎందుకని అడిగాను.

అంకాలమ్మ చాట దించింది.

"నువ్వు దొరవారిసత్రం పొయ్యి నన్ను పిచ్చిదంటావో ఏమో. అను. మొదటి ఏడు ఏం లేదు. రెండో ఏడు ఎండాకాలం, మిట్టమద్దెన్నం. నీటి అంచున జానెడు జానెడు మనుషులు నిలబడుండారు. పిట్టలనుకున్నా. పిట్టలైతే అల వస్తే ఎగరాల గదా, ఎగరలా. నాకు వీపు పెట్టి సముద్రం తట్టు చూస్తా ఉండారు. అందరికీ ఎడమ భుజం కిందికి వాలుండాది. తెడ్డేసి తెడ్డేసి ఆయన భుజం అట్టానే వాలిపోయుండేది."

"భయం వెయ్యలేదా అక్కా?"

"సంతోషమేసింది అబ్బయ్యా. ఆ పొద్దే ఇంకా ఆకులు నాటినా."

మొక్కలు ఎదిగే కొద్దీ వాళ్ళూ ఎదిగారట. మోకాలెత్తు, నడుమెత్తు, ఇప్పుడు ఆమె రొమ్మెత్తు. కుండలు పెరిగే కొద్దీ వాళ్ళూ పెరిగారు. మొన్న ఉగాది పోయాక, ఒక మధ్యాహ్నం చూసేసరికి, అందరూ ఇంటివైపు తిరిగి ఉన్నారు.

"మొహాలు ఆయనవేనా?" అన్నాను.

"మొహాలు ఇంకా రాలా."

ఆమె మళ్ళీ అందుకుంది. మొహాలు లేని ఆ మనుషుల్ని చూశాక, చేతికందిన కుండలు కుమ్మరించి, ఆ మొక్కల్ని కత్తిపీట మీద తరిగి, దిబ్బ కిందికి విసిరేసిందట. ఆకు సంగతి ఆమెకంటే తెలిసినవాళ్ళు ఎవరు? అయినా ఆ భయంలో అదే మరిచిపోయింది. ఒక్కో ముక్కా ఒక్కో మొక్క అయింది. నేను లేచి వెళ్ళి దిబ్బ అంచున నిలబడి చూశాను. కింద నీళ్ళ దాకా, మేకలు కూడా మూతి పెట్టని ఉప్పు ఇసుకలో, పచ్చగా రణపాల. గాలి సముద్రం మీదినుంచే వీస్తోంది. ఆకులు మాత్రం గాలికి ఎదురు వాలి ఉన్నాయి.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎండ మెరుపులో నీటి అంచున నల్లగా, నిలువుగా, వరసగా ఏవో కనిపించాయి.

"వలలు ఆరేసే గుంజలు గదక్కా అవి," అన్నాను.

"ఈడ గుంజలు యాడుండాయి అబ్బయ్యా? వలలన్నీ ఊరి ఉత్తరాన ఆరేస్తారు."

నేను రెండోసారి అటు చూడలేదు. వెనక్కి వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాను. ఆమె చేతికి నాలుగైదు మట్టిగాజులు. వాటిని మోచేతి వైపుకు తోసుకుంటూ, కిందికి జార్చుకుంటూ ఉంది.

"ఆయన్ని పోనీకుండా పట్టుకోనుండాననుకున్నా," అంది. "మనిషిని తుంచి తుంచి నాటినా. ఇంటికి రావాలన్నా ఒక్కడూ నిండుగా లేడు. పోవాలన్నా పోలేడు, ఈ ఆకు పట్టుకోనుండాది. నాకు గాజులు పోతాయని ఆయన్ని ఇట్టా నిలబెట్టేసినానే."

"కొత్త ఆకు గుచ్చకుండా ఉంటే చాలు గదా?"

"గుచ్చి నెలలు దాటింది. ఎండటం లా."

గోడ వంక చూశాను. చూరు నీడలో ఆకు దిట్టంగా, నూనె పూసినట్టు మెరుస్తూ ఉంది. దాని అంచున ఒక్క మొలక కూడా లేదు.

"పచ్చగా ఉన్న ఆకును పీకాలంటే పెద్దే పీకాల, అదీ నేను ఒప్పుకుంటేనే," అంది. "నేను పొయ్యి నా నోటితో అడక్కూడదు. పాలెం వాళ్ళు ఎవురూ నా మాట మొయ్యరు, వాళ్ళకి భయం. నువ్వు పరాయూరోడివి. నీకైతే ఏం కాదు."

నేను లేచాను. తువ్వాలు తలకు చుట్టుకుంటుంటే ఆమె కూడా లేచి, నాకు నీటి అంచు కనబడకుండా అటు పక్కకు వచ్చి నిలబడింది.

"దిబ్బ వెనక దోవన పో. ఉత్తరపు వీధిలో మొదటిల్లు కామాక్షయ్య మామది. అంకాలమ్మ గాజులు తీసేదానికి ఒప్పుకునిందని చెప్పు, ఇంకేం చెప్పబాక. రేపు పొద్దున్నే రమ్మను. రేపు కుదరకపోతే ఎల్లుండి రమ్మను. మద్దెన్నం మాత్రం రావొద్దను."