చప్పుడు చేయని బండి

మా ఆయనకి బండిలో చప్పుడు వస్తే పడదు. ఇంజను చప్పుడు కాదు నేను చెప్పేది. పికప్ వెనక తొట్టిలో ఏ గొళ్ళెమో, ఏ చెక్కముక్కో టకటకలాడితే చాలు, బండి ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి, అదెక్కడిదో కనిపెట్టి, దాని నోరు మూయించి గానీ మళ్ళీ స్టీరింగు పట్టుకోరు. ఇంట్లో నేను పొద్దస్తమానం వాగినా ఆయనకి ఏ ఇబ్బందీ లేదు. నా మాట ఆ చెవిలో పడితే కదా! పెళ్ళయిన కొత్తలో ఈ చాదస్తాన్ని అందరికీ చెప్పి నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మాది చందర్లపాడు వైపు పల్లెటూరు. మిరప వేస్తాం. మా మామగారూ మిరపే వేశారు. మా పాపకి తొమ్మిదేళ్ళు. కల్లంలో కాయ ఎండబోసిన రోజు నుంచి చివరి బస్తా బండెక్కే రోజు దాకా దానికి ఆయాసం. గొంతు కింద గుంట లోపలికి పోతుంది, ఛాతీలో పిల్లికూతలు వినపడతాయి. అలా కూర్చుని ఊపిరి కోసం ఎగబీలుస్తున్న పిల్లని చూస్తూ ఏమీ చేయలేకపోవడం ఏ తల్లికీ వద్దు. నందిగామ డాక్టరుగారు ప్రతి ఏడూ ఒకటే మాట. "దుమ్ముకీ ఘాటుకీ దూరంగా ఉంచండమ్మా. పిల్లకి గాలి మారాలి."

ఎక్కడికని మార్చను? నా పుట్టిల్లు జగ్గయ్యపేట. సున్నపురాయి లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఇల్లు. డాబా మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి దులుపుకుని మడతపెట్టాలి. అక్కడికి తీసుకెళ్తే రెండో రోజే దగ్గు మొదలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా బిడ్డకి పీల్చుకోవడానికి కాస్త గాలి దొరకని చోట పుట్టించావేంటయ్యా అని దేవుడి పటం ముందు నిలబడి తిట్టిన రోజులున్నాయి.

అలాంటి రోజుల్లోనే ఈయన ఫోను పట్టుకుని వచ్చారు. "ఇదిగో, ఇటు చూడు." ఎవరో పరాయి దేశం వాళ్ళు. పికప్ బండి వెనక మంచం బిగించుకుని, దాని కింద సొరుగులు పెట్టుకుని, కొండల్లోకి ఎక్కించి అక్కడే వండుకు తింటున్నారు.

"మనకి ఇల్లుంది కదండీ. బండికి ఇంకో ఇల్లెందుకు?" అన్నాను.

"ఇల్లు కదల్దే. బండి కదులుద్ది. గాలి ఎక్కడ బాగుంటే అక్కడికి మన ఇల్లు తోలుకెళ్దాం. పిల్ల రెండ్రోజులు హాయిగా ఊపిరి పీల్చుకుంటది."

నవ్వుదామనుకున్నాను. కానీ ఆయన మొహం చూస్తే నవ్వలేకపోయాను.

కాయ అమ్మేశాక పని మొదలుపెట్టారు. కంచికచర్లలో వెల్డింగు చేయించి తొట్టి మీద ఇనప కమానులు బిగించారు, వాటి మీద మందపాటి పట్టా. లోపల ప్లైవుడ్డు పరిచి మంచంలా చేశారు. దాని కింద మూడు పొడుగు సొరుగులు: ఒకదాంట్లో గిన్నెలు, ఒకదాంట్లో దుప్పట్లు, మూడోది పాపది. తొట్టి మూలన నీళ్ళ డ్రమ్ముకి కుళాయి. ఎక్కడానికి మడతపెట్టే మెట్టు. కరెంటు పని, వడ్రంగి పని అన్నీ స్వయంగా ఆయనే. చేతులకి చెక్క పేళ్ళు గుచ్చుకుని, కోసుకుపోయి, కూర కలుపుకుంటే మంటకి "అబ్బా" అనేవారు. వీధిలో వాళ్ళకి మంచి కాలక్షేపం. "ఏరా, గృహప్రవేశం ఎప్పుడు? పాలు ఎక్కడ పొంగిస్తావు, బానెట్ మీదా?" అని ఆటపట్టిస్తే ఈయన మేకులు నోట్లో పెట్టుకుని తల ఊపేవారు. పాప స్కూలు నుంచి రాగానే సంచీ అరుగు మీద పడేసి బండెక్కేది. తన సొరుగుకి ఏ రంగు వెయ్యాలో రోజుకో మాట చెప్పేది. ఆయన రోజూ సరేననేవారు. తండ్రీ కూతుళ్ళని అలా చూస్తే నాకు కడుపు నిండినట్టుండేది.

అంతా అయ్యాక పొలం గట్టు మీద తిప్పి చూశారు. ఇంకేముంది, సొరుగులు టకటక, చెక్క కిర్రుకిర్రు, డ్రమ్ము ధనధన. మొహం ముడుచుకుని తిరిగొచ్చారు. మర్నాడు కొట్టంలోంచి పాత గోతాలు తీశారు. మిరపకాయ తొక్కి నింపిన గోతాలే. మా ఇళ్ళలో ఏ సందు పూడ్చాలన్నా, ఏది కదలకుండా ఉండాలన్నా గోనెపట్టాయే మందు. తలుపు కింద గోనె, ఫ్రిజ్జు కాళ్ళ కింద గోనె, ఆఖరికి బల్ల ఒరిగితే దాని కిందా గోనే. వాటిని సర్ఫులో నానబెట్టి, బండకేసి బాది, ఎండలో ఆరేసి, పట్టీలు పట్టీలుగా కోసి, ఇనుముకీ చెక్కకీ మధ్య ప్రతి సందులోనూ కుక్కి మేకులు కొట్టారు. సొరుగుల అడుగునా పరిచారు. మంచం పరుపు కింద కూడా ఒక వరస వేశారు, జారకుండా. ఉతికింది నేనే. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాను. వాసన చూశాను కూడా. ఏమీ లేదు.

బడులు తెరవకముందు ఒక ఆదివారం బయల్దేరాం. జగ్గయ్యపేట మీదుగా ముక్త్యాల వైపు వెళ్ళి, కృష్ణ ఒడ్డున రాళ్ళ బాట ఎక్కించారు. బండి అటూ ఇటూ ఊగిపోతోంది గానీ వెనక నుంచి చీమ చిటుక్కుమనలేదు. ఆయన ఆనందం చూడాలి! "విన్నావా? ఏమన్నా వినపడిందా?" అని నన్ను పదే పదే అడిగారు. "లేదు మహానుభావా, ముందు రోడ్డు చూడండి" అన్నాను. పైన గాలి తేలిగ్గా ఉంది. పాప రాళ్ళ మీద గెంతుతూ పరిగెత్తింది. దానికి ఆయాసం రాలేదు. నిజంగానే రాలేదు. ఆయన నా వంక చూసి కళ్ళు తుడుచుకున్నారు.

మధ్యాహ్నం భోజనం అయ్యీ అవకముందే మబ్బు కమ్మింది. ఒక్కసారిగా వాన. పరిగెత్తుకుని ముగ్గురం లోపలికి ఎక్కాం. ఆయన చుట్టూ పట్టాలు దించి తాళ్ళు బిగించారు. చిన్న లైటు వేశారు. పైన వాన కొడుతుంటే లోపల పొడిగా, వెచ్చగా, బొమ్మరిల్లులా ఉంది. పాప తన సొరుగు లాగి జంతికల డబ్బా తీసింది.

"ఎట్టా ఉంది బుజ్జీ మన ఇల్లు?" అని అడిగారు.

"బాగుంది నాన్నా" అంది.

కాసేపటికి దగ్గు మొదలైంది. చల్లగాలి కొట్టిందనుకున్నాం. ఇంకేమనుకుంటాం? నా చున్నీ తీసి దాని చెవులు మూసేలా తల చుట్టూ కట్టాను. పట్టా అంచున చిన్న సందు కనిపిస్తే ఈయన తువ్వాలు కుక్కారు. తొట్టి అడుగు నుంచి వాననీళ్ళు ఎక్కి గోనె తడిసిన సంగతి మాకు తెలియదు. వాన ఇలా ఆగిందో లేదో అలా ఎండ కాసింది. లోపల ఉక్క. దగ్గు ఆగలేదు. నోట్లో మందు పంపు కొట్టాం, మళ్ళీ కొట్టాం. గొంతు కింద గుంట లోపలికి పోయింది. "ఏమ్మా, ఎట్టా ఉందమ్మా?" అంటే మాట లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. "గాలి తగలనియ్యకే, ఇంకా దుప్పటి కప్పు!" అంటున్నారాయన. నేను కప్పుతున్నాను. కప్పుతూ అరుస్తున్నాను, ఎవరిని పిలుస్తున్నానో తెలియకుండా.

చెట్టు కింద వాన ఆగేదాకా నిలబడ్డ మోటారుసైకిలు మనిషి ఎవరో నా అరుపులు విని పరిగెత్తుకొచ్చాడు. పట్టా ఎత్తి తల లోపల పెట్టాడు. పెట్టాడో లేదో తుమ్ము, దగ్గు, మళ్ళీ తుమ్ము. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి.

"ఏంటండీ ఇది! లోపల మిరపకాయలు మాడ్చారా ఏంటి? ముందు పిల్లని బయటికి తియ్యండి!"

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. మిరపకాయలేంటి? ఎక్కడున్నాయి? అయినా నేను ఆగలేదు. పిల్లని ఎత్తుకుని కిందికి దూకాను. చున్నీ, దుప్పటి లాగి పారేశాను. చెట్ల మీంచి చల్లటి చినుకులు, ఎదురుగా నది గాలి. ఏ గాలికి భయపడి మూశామో ఆ గాలిలోనే నా బిడ్డ కొంచెం కొంచెంగా ఊపిరి అందుకుంది. అద్దాలు దించి, ముందు సీట్లో నా ఒళ్ళో పెట్టుకుని జగ్గయ్యపేట ఆసుపత్రికి తెచ్చాం. మొహానికి గొట్టం పెట్టి మందు ఆవిరి పట్టించారు. సాయంత్రానికి నెమ్మదించింది.

ఆసుపత్రి మెట్ల మీద ఈయన తల పట్టుకుని కూర్చున్నారు. "నేనే చేసానే ఆ పెట్టె. నా చేత్తో చేసి, నా పిల్లని దాంట్లో పెట్టి, సందుల్లేకుండా మూసా."  పక్కన కూర్చున్నాను.

ఇంటికొచ్చాక, ఆ మనిషన్న మిరప మాట గుర్తొచ్చి, తడిసిన గోనెపట్టీ ఒకటి పీకి ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నారు. గట్టిగా పీల్చారు. "ఏమీ లేదు" అన్నారు. నేను తీసుకుని పీల్చాను. ఏమీ లేదు. తడి గోనె వాసన, అంతే. ఇద్దరం పిచ్చివాళ్ళలా మార్చి మార్చి దాన్ని వాసన చూశాం. పుట్టినప్పటి నుంచి మిరపలో బతికి మా ముక్కులు ఎప్పుడు చచ్చిపోయాయో మాకే తెలియలేదు. నాకు భయం వేసింది. ఇంట్లో ఇంకా ఏమేం ఉన్నాయో, మాకు తెలియనివి?

ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. గోనె అంతా పీకి తగలబెట్టడానికి కూడా భయపడి పాతిపెట్టారు. ప్లైవుడ్డు మార్చారు. తొట్టి కడిగి, మళ్ళీ కడిగి, రంగు వేశారు. సందుల్లో గోనెకి బదులు పంచరు షాపు నుంచి తెచ్చిన పాత ట్యూబు రబ్బరు కోసి పెట్టారు. పోయిన వారం పని పూర్తయింది. పట్టాలన్నీ ఎత్తి కట్టి, పాపని పిలిచారు. మా ఇంట్లో పనిచేసే ముక్కు దానిదొక్కటే.

"బుజ్జీ, ఒకసారి తల లోపల పెట్టి చెప్పమ్మా. ఉందా, పోయిందా?"

అది మెట్టెక్కి లోపలికి తొంగిచూసింది. కాసేపుంది. దిగి, "పోయింది నాన్నా. బాగుంది" అంది. ఈయన దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పారు. దింపగానే అది ఇంటి పక్క నీళ్ళ ట్యాంకు వెనక్కి గబగబా వెళ్ళింది. ఎందుకో నా మనసు ఊరుకోలేదు. వెనకే వెళ్ళాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వంగి, నోరు తెరుచుకుని ఊపిరి తీస్తోంది.

"నిజం చెప్పు. పోలేదు కదూ?"

తల అడ్డంగా ఊపింది. "కొంచెం ఉందమ్మా. నాన్నకి చెప్పమాకు. మళ్ళీ అంతా పీకుతాడు. చేతులు చూసావా, ఎట్టా అయినయ్యో."

"అట్టా అబద్ధం చెప్తే నీకు ఆయాసం రాదా తల్లీ?"

"ఊపిరి బిగబట్టా కదా. నాన్న ఎత్తుకున్నప్పుడు బిగబట్టినట్టే."

 "నాన్న దగ్గర కూడా ఆ ఘాటు వస్తదా?"

"ఎప్పుడూ వస్తది. చొక్కాలో, జుట్టులో."

"మరి నా దగ్గర?" ఎందుకడిగానో నాకే తెలియదు.

అది నా మొహం వంక చూసి కాస్త ఆలోచించింది. నా చెయ్యి నిమిరి, "నీ దగ్గర కొంచెమేలే అమ్మా" అంది.

ఇంతలో బండి హారను మోగింది. "ఇదిగో, ఎక్కడున్నారు తల్లీ కూతుళ్ళు? రండి, ఒక రౌండు వేసొద్దాం!" ఆయన గొంతులో ఎంత సంతోషమో. నేను చెయ్యి పట్టుకునేలోపే పాప గుండెల నిండా గాలి పీల్చుకుని, నోరు మూసుకుని, వాళ్ళ నాన్న దగ్గరికి పరిగెత్తింది.