తమ్ముణ్ణి తీసే లెన్సు

నా కెమెరా చిన్నది, హ్యాండ్‌బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన ఇరుక్కోని కూర్చుంటుంది. దాంతోపాటు వచ్చిన లెన్సుతోనే రెండేండ్లు తీసినాను. మా నాయుడుపేట మేడ మీంచి రాకెట్టు పైకి పోయేది తీసినాను, పొద్దున్నే కంపెనీ బస్సు కోసం కాచుకోని ఉండే ఆడోళ్ళని తీసినాను, మా ఇంటాయన నోరు తెరుచుకోని నిద్రపోయేది తీసి చీవాట్లు తిన్నాను. ఇంకో లెన్సు కావాలని ఎప్పుడూ అనిపించలేదు. పోయిన ఎండాకాలం అనిపించింది. ఎందుకని ఇంటాయన అడిగితే పులికాట్‌కి వచ్చే పక్షుల కోసమని చెప్పినాను. శుద్ధ అబద్ధం. ఎండాకాలంలో పక్షులు యాడుంటాయి! తిరుపతిలో ఉండే మా తమ్ముణ్ణి చూడాలని నాకు ప్రాణం పీకతా ఉండింది. వాడు నన్ను చూడకుండా నేను వాణ్ణి చూడాల. అందుకని.

మా తమ్ముడు నాతో మాట్లాడక పద్నాలుగేండ్లు. నాయన పోయినాక వాణ్ణి చదివించింది నేను, పెండ్లి చేసింది నేను. అన్నీ అయినాక, ముప్పై ఎనిమిదేండ్ల వయసులో, నాకూ ఒక తోడు ఉంటే బాగుండు అనిపించింది. శ్రీ సిటీలో నేను పనిచేసే ఫ్యాక్టరీలోనే స్టోర్సు చూసే మనిషి, మొదటి భార్య పోయింది, చర్చికి పోయే కుటుంబం. వాళ్ళ చర్చిలోనే పెండ్లి చేసుకున్నాం. ఆ వారమే తిరుపతి ఇంటికి పోతే తమ్ముడు వాకిట్లో నిలబడుకోని, "ఇంక నీతో మాట్లాడితే ఒట్టు. గంగమ్మ మీద ఆన" అన్నాడు. వేరే ఎవరి మీద వేసినా ఎప్పుడో ఒకనాడు తీసి గట్టున పెట్టేవాడు. గంగమ్మ మీద వేసినాడు. తిరుపతిలో పుట్టినోడు ఆ ఒట్టు తప్పడు.

నాకేమన్నా తక్కువ పొగరా? "పోరా, నీ మాటలు ఎవురికి కావాల" అని బస్సెక్కినాను. ఎక్కినాక నాయుడుపేట దాకా ఏడ్చినాను.

గంగ జాతర గురించి తిరుపతోళ్ళకి చెప్పబనిలేదు. బయటోళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. వారం రోజులు, రోజుకొక వేషం. ఒకనాడు ఒంటినిండా కుంకుమ, ఒకనాడు బొగ్గు, ఒకనాడు గంధం, ఆఖర్న మగోళ్ళు కోకలు కట్టుకోని ఆడవేషం. ఆడోళ్ళని చెరిచే పాలెగాడొకడు అమ్మకి భయపడి దాక్కున్నాడంట. వాణ్ణి బయటికి రప్పించేదానికి గంగమ్మ రోజుకో వేషం మార్చి, నోటికొచ్చినట్టు తిడతా ఊరంతా వెతికిందంట. అందుకే వేషం కట్టినోడు ఎవర్నయినా ఎంత మాటయినా తిట్టొచ్చు. కలెక్టరైనా సరే, కన్నతల్లయినా సరే. తిట్టించుకున్నోళ్ళు కోపం చేసుకోకూడదు. ఆ మాట మనిషిది కాదు, వేషానిది.

మా నాయన వేషం కట్టేవాడు. ఆయన తర్వాత తమ్ముడు. మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉండాది. కుంకుమ ఎవరు పూసినా సరేగానీ, దాని మీద తెల్ల చుక్కలు పెట్టేది మాత్రం ఇంటి ఆడబిడ్డే. నామంసుద్ద అరగదీసి, అగ్గిపుల్లతో తీసి, నుదుటి మీంచి గడ్డం దాకా వరసగా పెడతా వచ్చేదాన్ని. తమ్ముడికి చక్కిలిగింతలు ఎక్కువ. చెంప దగ్గరికి వచ్చేసరికి నవ్వేవాడు, చుక్క కాస్తా గీతయిపోయేది, నేను నెత్తిన ఒక మొట్టికాయ వేసేదాన్ని. ఇప్పుడు ఆ చుక్కలు మా మరదలు పెడతా ఉంటుంది. ఆయమ్మ మంచిదే, నాకేం పగ లేదు. అయినా జాతర నెల వస్తే నాకు అన్నం సయించదు.

ప్రతి ఏడాదీ ఒకరోజన్నా లీవు పెట్టి తిరుపతికి పోయేదాన్ని. నాతో పనిచేసే ఒకామె పుట్టిల్లు జాతర వీధిలోనే ఉండాది. వాళ్ళ మేడ మీద పిట్టగోడ వెనకాల నిలబడి, ఆ ఎర్రటి మొహాల్లో మావాడు ఎవరా అని వెతుక్కునేదాన్ని. ఒక ఏడు కనపడేవాడు, ఒక ఏడు కనపడేవాడు కాదు. కెమెరా కొన్నాక రెండేండ్లు ఫోటోలు కూడా తీసినాను. ఆ చిన్న లెన్సులో వాడు ఎర్ర కందిగింజంత పడినాడు.

పోయిన ఏడాది జాతర మొదలయినాక తిరుపతిలో కెమెరాల అంగడికి పోయినాను. అంగడాయన చిత్తూరు మనిషి, అరవం కలిసిన మాట, మొహమాటం లేని నోరు. "దూరంగా ఉండేవాళ్ళని దగ్గరగా చూపించేది కావాల" అన్నాను. ఆయన బల్ల మీద రెండు పెట్టినాడు. ఒకటి బారెడు పొడుగు జూము. రెండోది బుడ్డది, రెండు నిమ్మకాయలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత.

"ఇది లాగే కొద్దీ లాగుతుందిమ్మా. ఈ బుడ్డదానికి జూమ్ లేదు. దీంట్లో మనిషి పెద్దగా కనపడాలంటే మీరే నడిచి పోవాల దగ్గరికి" అన్నాడు.

"నడిచేది ఉంటే మీ అంగడికి ఎందుకొస్తాను? ఆ పొడుగుదే ఇయ్యండి" అన్నాను.

ఆయప్ప ఇయ్యలేదు. కెమెరాతో వచ్చింది గాక ఇంకో లెన్సు కావాలంటే, వాళ్ళు తీసినవి చూడకుండా ఎవరికీ అమ్మడంట. "ఒకరోజు బాడుగకి తీసకపోండి. తీసినవన్నీ తెచ్చి నాకు చూపీండి. అప్పుడు చెప్తాను ఏది కొనాల్నో" అన్నాడు. భలే మనిషి దొరికినాడే అనుకున్నాను గానీ, బాడుగకే తీసుకున్నాను.

మరునాడు కుంకుమ వేషం. పిట్టగోడ మీద మోచేతులు ఆనించుకోని జూమ్ లాగినాను. అబ్బబ్బ! వీధి చివర నిలబడిన మనిషి కనురెప్పలు కనపడినాయి. తప్పెట్లు దగ్గరయినాయి. అప్పుడు కనపడినాడు. మొహం గుర్తుపట్టలేదు, నడక గుర్తుపట్టినాను. కుడి భుజం కొంచెం పైకెత్తి, కాలు ఈడ్చినట్టు వేసే నడక. అది మా నాయన నడక. మా తమ్ముడికి తప్ప ఇంకెవరికీ లేదు. వాడు వీధిలో ఉన్నంత సేపూ కెమెరా దించలేదు. వాడు ఎగిరింది తీసినాను, తిట్టింది తీసినాను, చెమటకి కుంకుమ కారింది తీసినాను. మూడు వందల దాకా తీసినాను. ఒళ్ళు గట్టిగా ఉండాది, నడుం సన్నంగా ఉండాది, వయసే మీద పడలేదు నా బంగారుతండ్రికి అనుకోని, నా దిష్టే తగులుతుందేమోనని మెటికలు కూడా విరిచినాను.

సాయంత్రం ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో వేసుకోని చూస్తా కూర్చున్నాను. ఫ్యాక్టరీలో నా పని భూతద్దం కింద పెట్టి ముక్కల్లో లోపాలు వెతికేది. పదిహేనేండ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే ఫోటోని పెద్దది చేస్తుంది. నోరంతా తెరిచి తిడతా ఉండే ఫోటో ఒకటి పెద్దది చేసినాను. పళ్ళు చక్కగా, తెల్లగా, వరసగా ఉండాయి. మా తమ్ముడి ముందు పన్ను సగం విరిగుంటుంది. విరగ్గొట్టింది నేనే, చిన్నప్పుడు, నీళ్ళ చెంబు విసిరి.

ఇంటాయన కండ్లద్దాలు పెట్టుకోని వెనక నిలబడినాడు. "ఎవరీ అబ్బాయి? ఇరవై ఏళ్ళు కూడా ఉండవే" అన్నాడు.

అప్పుడు అర్థమయింది నాకు. మా మేనల్లుడు. నేను పోయేప్పటికి ఆరేండ్లోడు. మా నాయన నడక వాడికి వచ్చింది. పద్నాలుగేండ్లూ నా కండ్ల ముందర తమ్ముడు అదే వయసులో, అదే ఒంటితో నిలిచిపోయినాడు గదా. అందుకని వాడి కొడుకుని చూసి వాడే అనుకున్నాను.

మరి మా తమ్ముడు ఏమయినాడు? ఫోటోలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూసినాను. పిల్లోడి పక్కన ప్రతి దాంట్లో ఎవరిదో ఒక చెయ్యి ఉండాది. తడిగుడ్డ పట్టుకున్న చెయ్యి, నీళ్ళ బాటిలు అందించే చెయ్యి, ఒక భుజం, ఒక చెవి. ఎవరో ముసలాయప్ప అడ్డం వస్తా ఉండాడని, నేనే విసుక్కోని కెమెరా పక్కకి జరిపి జరిపి వాణ్ణి కోసేసినాను. ఒక్క దాంట్లో మాత్రం సగం మొహం పడింది. ముందర జుట్టు లేదు, చెంపలు లోపలికి పోయినాయి, నవ్వుతా ఉండాడు. విరిగిన పన్ను కనపడింది.

నలభై ఎనిమిదేండ్లకే మావాడు అట్లయిపోయినాడు. పక్షుల సంగతి ఇంటాయనకి అప్పుడు నిజం చెప్పినాను. "నాకు తెలుసులే" అన్నాడు.

పొద్దున్నే లెన్సు తిరిగి ఇచ్చేదానికి పోయినాను. అంగడాయన ఫోటోలు చకచకా తిప్పినాడు. "బాగా తీసినారు. ఈ పిల్లోడు ఎవరమ్మా?"

"నేను తీయాలనుకున్నది ఆ పిల్లోణ్ణి కాదు. ఈయన్ని" అని ఆ చెవి, ఆ భుజం చూపించినాను.

ఆయన బుడ్డ లెన్సు తీసి బల్ల మీద పెట్టినాడు. "ఇదైతే పక్కనుండేవాళ్ళు కూడా పడతారు. కానీ ఒకటి చెప్తా వినండి. జూముతో తీస్తే మీరు వాళ్ళకి కనపడరు. దీంతో తీయాలంటే మీరు ఆయనకి కనపడాల. ఇష్టమేనా?"

అప్పటికప్పుడు దుడ్డిచ్చి కొనుక్కున్నాను.

ఆ మరునాడే గంధం వేషం. ఈసారి మేడ ఎక్కలేదు. వీధిలో, ఒక సోడా బండి పక్కన నిలబడినాను. మేనల్లుడు ఎగురుకుంటా వచ్చినాడు, పక్కన తడిగుడ్డతో వాళ్ళ నాయన. ఆరు అడుగుల దూరం. నేను కెమెరా ఎత్తేదానికి ముందే వాడు నన్ను చూసినాడు. చూసి, అట్లే నిలబడిపోయినాడు. పెదవులు కదిలినాయి. అక్కా అని వస్తుందని కాచుకున్నాను. రాలేదు. నోరు గట్టిగా మూసుకోని, మొహం తిప్పుకోని, పిల్లోడి భుజం మీద చెయ్యేసి ముందుకి నడిపించుకోని పోయినాడు. నేను ఒక్కటే ఫోటో తీసినాను. వాడి వీపు.

ఇంక చాలు అనుకున్నాను. చూసినాను కదా, చాలు. ఆఖరి రోజు పోనని ఇంట్లో చెప్పినాను. ఇంటాయన నా టిఫిన్ డబ్బా కట్టి, బ్యాగులో కెమెరా పక్కన పెట్టినాడు. "అంత చూసి చూసి లెన్సు కొన్నావు, ఒక్క వీపు ఫోటోకేనా? పో" అని బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించినాడు.

ఆఖరి రోజు వీధంతా కోకలే. మీసాలు గొరిగించుకున్న మగోళ్ళు, సవరాలు, గాజులు, పూలు. నేను అదే సోడా బండి దగ్గర నిలబడినాను. నా మేనల్లుడు వచ్చినాడు, ఈసారి మామూలు ప్యాంటు షర్టుతో. నేరుగా నా దగ్గరికి వచ్చి, "అత్తా" అన్నాడు.

వాడి చెంప నిమిరినాను.

"నువ్వెవరో నాయన చెప్పినాడు అత్తా. సుగరొచ్చినాక మూడేండ్ల నుంచి ఆయన వేషం కట్టలేదు, నేనే కడతా ఉండాను. ఈ పొద్దు లేస్తూనే, నువ్వు కట్టబాకురా, నేను కట్టాల అన్నాడు. అమ్మ వద్దు వద్దనింది. వింటేనా!"

వాడు చెప్తా ఉండంగానే గుంపు రెండుగా చీలింది. పసుపు పూసిన మొహం, రూపాయంత బొట్టు, ఎర్రంచు కోక. బక్కగా, ఆయాసపడతా, నేరుగా నా మీదికే వస్తా ఉండాడు. కెమెరా ఎత్తినాను. లెన్సు ముందుకి వెనక్కి కదిలి వెతుక్కునింది, దానికి అందలేదు. ఫోటో పడనంత దగ్గరికి వచ్చేసినాడు. దించేసినాను.

"ఒసే దొంగముండా!" అని అరిచినాడు. వీధంతా తిరిగి చూసింది. పుట్టినప్పటి నుంచి నన్ను అక్కా అనే తప్ప పిలవని నోరది. "యాడ సచ్చినావే ఇన్నేండ్లు? మేడలెక్కి గోడల వెనక దాక్కోని సూస్తావా? నాకు కనపడవు అనుకున్నావా? ఏడాదికొక పూట దొంగసూపులు సూసి పోతే సరిపాయనా? నేను సుగరొచ్చి పడుకుంటే వచ్చినావా నువ్వు? తల నెరిసిపోయిందేందే? తింటా ఉండావా, పస్తులుంటా ఉండావా? నీ మొగుడు బాగా సూసుకుంటాడా లేదా, చెప్పవే ముండా!"

ఏడుస్తా విన్నాను. పక్కనోళ్ళు నవ్వినారు, జాతర తిట్లని. వాడి గొంతు బొంగురుపోయింది, దగ్గు అడ్డమొచ్చింది. పొద్దుగూకితే కోక విప్పి నీళ్ళు పోసుకుంటాడు, పసుపు కడిగేస్తాడు, గంగమ్మ మీద వేసిన ఒట్టు ఒట్టుగానే ఉంటుంది. ఈలోపలే ఆపేస్తాడేమోనని భయమేసింది. వాడి గాజుల చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఇంకా తిట్టరా నాయనా" అన్నాను. "ఆపొద్దు, ఇంకా తిట్టు."