రెండో ఓడలో ఎవరి జుట్టు

టక్. టక్కు టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్.

కింద ఓడల కార్ఖానాలో రివెట్ సుత్తులన్నీ ఒక్కసారిగా మొత్తుకుంటుంటే కొండంతా రేకు డబ్బాలా మోగేది. ఆ మోతలోంచి ఈ ఒక్క కొయ్యసుత్తి చప్పుడు విడిపోయి, మెత్తగా, తడిగా, మెట్లెక్కి పైకి వచ్చేది. హిరోషిమా దగ్గరి కురే ఊళ్ళో ఇళ్ళు కొండని పట్టుకుని వేలాడుతుంటాయి. పైనుంచి మూడో వరసలో, వాకిట్లో కూర్చుని ముల్లంగి తరుగుతున్న మసుయో ఆ చప్పుడు వినగానే కత్తి ఆపేది. అది ఆమె మొగుడు కిహేయ్‌ది. ఓడ పైకప్పు మీద పలకకీ పలకకీ మధ్య సందులో చెట్టు బెరడు నార కూరి, ఉలి ఆనించి బిగించే చప్పుడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న ఖాళీని బట్టి ఆయన మనసు ఎక్కడుందో ఆమె చెప్పగలదు.

పెద్ద ఓడ వచ్చిన ఏడాది ఆ ఖాళీలు పెరిగాయి. ఆమె అవన్నీ విన్నది.

కిహేయ్‌ది కురాహాషి దీవి. తాతల నాటినుంచీ చేపల పడవలు చేసిన ఇల్లు. అక్కడి వడ్రంగులకి ఒక పద్ధతి ఉంది. పడవ పూర్తయ్యాక, తెరచాప కొయ్య నాటే చోట చిన్న గుంట తొలిచి, అందులో పడవ ప్రాణాన్ని దాస్తారు. కాగితంతో కత్తిరించిన ఆడబొమ్మ, మగబొమ్మ, రెండు పాచికలు, కాసిని గింజలు, పడవ యజమాని భార్య జుట్టు. జుట్టు ఇచ్చిన ఆడదే ఆ పడవకి ప్రాణం. ఆ పడవ బతికున్నంత కాలం ఆమె ఇంకో పడవకి జుట్టు ఇవ్వకూడదు. రెండు పడవలు పిలిస్తే ఆమె ఎటు వెళ్తుంది? వడ్రంగి ఒక్కడే, ఎవరూ చూడకుండా, చివరిసారి పాచికలు సరిచూసి మూత బిగిస్తాడు.

పడవల గిరాకీ పోయాక కిహేయ్ కురే వచ్చి నౌకాదళం కార్ఖానాలో చేరాడు. ఇనప ఓడల్లో వడ్రంగి పని పైకప్పు పలకల వరకే. ప్రాణాల సంగతి అక్కడ ఎవరూ అడగరు. ఓడలోనే ఒక చిన్న గుడి కడతారు, పూజారి వచ్చి మంత్రం చదివి పోతాడు. కిహేయ్ కూడా ఆ సంగతి మర్చిపోయినట్టే ఉన్నాడు, ఆ పెద్ద ఓడ వచ్చేదాకా.

అది ఫిరంగుల కోసం మొదలుపెట్టిన ఓడ. సగం ఒళ్ళు తయారయ్యాక దేశాలన్నీ ఒకచోట కూర్చుని ఇన్ని ఫిరంగుల ఓడలు వద్దనుకున్నాయి. అప్పుడు దాని మీద విమానాలు ఎగిరి దిగే మైదానాలు వేయమన్నారు. ఒకటి కాదు, మెట్లలా ఒకదాని కింద ఒకటి మూడు. పై మెట్టు మీద దిగాలి, కింది మెట్ల మీంచి ఎగరాలి. కిహేయ్ ఆ రోజు అన్నం ముందు కూర్చుని తినే పుల్లలు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"దానికి తెరకొయ్య లేదే," అన్నాడు.

"లేకపోతే మనకేం? మిసో చారు చల్లారిపోతోంది."

"ప్రాణం ఎక్కడ పెట్టను?"

"పెట్టమని ఎవరన్నా అడిగారా? తెలిస్తే నీ తాట తీస్తారు."

"పెట్టకపోతే అది ఓడ కాదే మసుయో. ఇనప బల్ల. దాని మీద పిల్లలు పొద్దస్తమానం ఎగురుతూ దిగుతూ ఉంటారు."

మసుయో నవ్వింది. "సరే, పెట్టు. మరి యజమాని భార్య ఎవరో?"

కిహేయ్ పుల్లలు కింద పెట్టాడు. ఆమె జడ వైపు చూశాడు. ఆ ఆదివారం పొద్దున ఆమె ఎండలో తల ఆరబెట్టుకుంటుంటే వెనక నుంచి వచ్చి, తన పదునైన ఉలితో, మెడ దగ్గర ఒక పాయ కోశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత మెల్లగా ఆయన ఆమెని ఎప్పుడూ ముట్టుకోలేదు. తెరకొయ్య ఉండాల్సిన చోటు తనే ఊహించుకుని, ఆ పాయని బొమ్మలు, పాచికలతో కలిపి డబ్బాలో పెట్టి, పై మెట్టు పలక కింద దాచాడు.

ఆ ఓడ రేవు దాటుతుంటే మసుయో కొండమీంచి చూసింది. దాని మీద దిగే ప్రతి విమానం తన తల నిమిరి వెళ్తున్నట్టు ఆమెకి అనిపించేది. పిల్లలు లేని ఇంట్లో ఆ ఓడ ఒక గదిలా ఉండిపోయింది.

రెండో ఓడ చాలా ఏళ్ళ తర్వాత, చైనాతో యుద్ధం మొదలుకాబోయే రోజుల్లో వచ్చింది. దానికి కాస్త ముందు మేడగదిలోకి అద్దెకి హనయే వచ్చింది. కార్ఖానా జెండాలు కుట్టే చోట పని. ముప్పై కూడా లేవు. మొగుడు మొదటి ఓడ మీద విమానాలు తోసే నావికుడట, తుఫాను రోజున పైకప్పు మీంచి కొట్టుకుపోయాడట. అంత దుఃఖం మోస్తూ కూడా ఆ పిల్ల మెడ నిటారుగా ఉండేది. మసుయోకి మొదటి రోజే ఆ మెడ నచ్చలేదు.

కిహేయ్ పని నుంచి వచ్చి గొంతు తగ్గించి కొత్త ఓడ గురించి చెప్పేవాడు. బయట అనకూడని మాటలు. ఇంట్లో అనకుండా ఉండలేని మాటలు.

"ఇది మొదటినుంచీ విమానాల కోసమే పుట్టింది. మెట్లు లేవు. ఈ చివర్నించి ఆ చివరి దాకా ఒకటే పరుగు. చేపలా సన్నగా ఉంటుంది. పొగగొట్టాలు కూడా పక్కకి కిందికి వంచేశారు, దిగేవాడి కళ్ళలో పొగ పడకుండా."

హనయే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అక్కా, మేస్త్రీగారు పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినట్టున్నారు!"

"ఈ వయసులో పెళ్ళిచూపులేంటమ్మా," అంది మసుయో ముల్లంగి ముక్క పటపట నములుతూ. "మరి ఆ ముసల్దాన్ని ఏం చేశారయ్యా?"

"ఏ ముసల్ది?"

"నాది."

"అదా! వేరే ఊరి కార్ఖానాలో పడుకోబెట్టారు. మెట్లు కోసేసి దాన్ని కూడా దీనిలాగే చేస్తున్నారు."

మసుయో చేతిలోని గిన్నె కింద పెట్టింది. "నా డబ్బా?"

"పై మెట్టుని ముట్టుకోలేదే. ముందుకి సాగదీశారు, అంతే. నువ్వు భద్రంగానే ఉన్నావు."

దీనిలాగే. ఆ మాట ఆమె గొంతులో చేపముల్లులా నిలిచిపోయింది. తనని కోసి, సాగదీసి, ఇంకొకదానిలా చేస్తున్నారు.

ఆ వారమే స్నానాలశాలలో పక్కింటి ఇవా ముసలమ్మ వేడినీళ్ళ తొట్టిలోంచి తల పైకెత్తి అరిచింది.

"ఒసే మసుయో! నీ అద్దె పిల్ల మెడ దగ్గర ఎలుక కొరికిందేంటే?"

నీళ్ళ ఆవిరిలో ఆడవాళ్ళందరూ నవ్వారు. చిన్న పీట మీద కూర్చుని తల రుద్దుకుంటున్న హనయే చటుక్కున చేత్తో మెడ మూసుకుంది. మసుయో చెంబుతో నీళ్ళు ముంచుకుని, సాయం చేస్తున్నట్టు, ఆ పిల్ల వీపు మీద పోసింది. జుట్టు పక్కకి జరిగింది. ఎడమ చెవి వెనక ఒక పాయ లేదు. ఆ కోత కత్తెర కోత కాదు. ఉలి కోత.

"నీళ్ళు వేడిగా ఉన్నాయా అమ్మాయ్?" అంది.

"లేదక్కా."

"మరెందుకలా ఎర్రబడ్డావు?"

మర్నాడు కిహేయ్ చుట్టకి నిప్పు కోసం పక్కింటికి వెళ్ళినప్పుడు మసుయో ఆయన పనిముట్ల పెట్టె తెరిచింది. ఉలుల కింద, నారచుట్టల కింద, అరచేతిలో పట్టేంత డబ్బా. బొమ్మలు, పాచికలు, గింజలు. కాగితంలో చుట్టిన జుట్టు, ఎర్రబారిన పలచని జుట్టు, తలకి రాసుకునే త్సుబాకి గింజల నూనె వాసన. తను ఉతికే మేడగది దుప్పట్ల మీద ఉండే వాసనే.

ఆమె ఏడవలేదు. కత్తెర తెచ్చుకుని తన జుట్టు పాయ ఒకటి కోసి, అదే కాగితంలో చుట్టి, అదే డబ్బాలో పెట్టింది. ఒక మనిషి రెండు ఓడల్లో ఉండకూడదని ఆమెకి తెలుసు. ఉంటే ఏం? తనని రెండు ముక్కలుగా చీల్చినా సరే, రెండో ముక్క ఆ పిల్లకి మాత్రం ఇవ్వదు. ఎర్రజుట్టుని పొయ్యిలో వేసింది. అది చిటపటమని, ముడుచుకుని, పోయింది.

కిహేయ్ వచ్చి ముక్కు ఎగబీల్చాడు. "ఏం మాడిందే?"

"ఎండు చేప."

కొన్నాళ్ళకి హనయే జుట్టంతా కత్తిరించుకుని వచ్చింది, చెవుల దాకా. "పట్నం ఫ్యాషనమ్మా!" అని ఇవా ముసలమ్మ బుగ్గలు నొక్కుకుంది. మసుయోకి మనసులో వెన్న పూసినట్టయింది. ఓడిపోయినదాని తల అలాగే ఉంటుంది అనుకుంది. ముల్లంగి ఎండబెట్టడానికి మేడగది కావాలని చెప్పేసింది. హనయే మూట కట్టుకుని గుమ్మం దగ్గర వంగి దండం పెట్టింది.

"అక్కా, కొత్త ఓడ వెళ్ళేటప్పుడు కొండమీంచి చూస్తారుగా. నా తరఫున కూడా ఒకసారి చూడండి."

"నీ తరఫున ఎందుకు?" అంది మసుయో. ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వు చాలా ఏళ్ళు ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది.

కొత్త ఓడ వెళ్ళిపోయింది. రైల్లో హిరోషిమా వెళ్ళేటప్పుడు రేవు రాగానే టికెట్ల మనిషి సముద్రం వైపు తెరలన్నీ దించేసేవాడు. ఎవరూ ఓడలు చూడకూడదు. ఆ తెర ముందు కూర్చుని మసుయో కళ్ళు మూసుకునేది. మూసిన తలుపు వెనక మొగుడు ఎవరితోనో మాట్లాడుతుంటే వినబడనట్టు ఉండేది ఆమెకి. గెలిచాను కదా అనుకునేది. మళ్ళీ తెర వైపు చూసేది.

తర్వాత పెద్ద యుద్ధం. ఒక వేసవిలో రేడియో బ్యాండు వాయించి గెలిచామంది. అదే వారం ఊరి ఆసుపత్రిలో ఒక వార్డుకి తాళాలు వేశారు. లోపల కాలిన కుర్రాళ్ళున్నారని, వాళ్ళ తల్లులకి కూడా చెప్పలేదని దుప్పట్లు ఉతికేవాళ్ళ దగ్గర విని ఇవా ముసలమ్మ గుసగుసలాడింది. ఒకే రోజు పొద్దున, ఒకే సముద్రంలో, మొదటి ఓడా రెండో ఓడా మంటల్లో పడ్డాయట. ఆ రోజు నుంచి కిహేయ్ పనికి వెళ్ళేముందు పెరటి వాకిట్లో నిలబడి, సముద్రం వైపు తిరిగి, తల వంచేవాడు. ఎవరికి? మసుయో ఆ వీపుని చూస్తూ అన్నం గిన్నె పట్టుకుని నిలబడేది.

కార్ఖానా ఆ తర్వాత పిచ్చెత్తినట్టు ఓడలు చేసింది. జనం విందులు చేసుకుంటూ తిరిగే ప్రయాణికుల ఓడల కడుపులు కోసి విమానాలు పెట్టింది. పచ్చి కర్ర పలకలు, రెండు వానలకే వంకర్లు పోయేవి. ఇంకో ఊళ్ళో పైకప్పు మొత్తం దళసరి ఇనుముతోనే చేశారని, పలకలే వేయలేదని విన్నారు. కిహేయ్ సుత్తి చప్పుడు నెమ్మదిగా ఆగిపోయింది. వాటిలో దేనికీ ప్రాణం పెట్టలేదు. ఎవరినీ జుట్టు అడగడానికి మనసొప్పలేదన్నాడు.

యుద్ధంలో ఓడిపోయాక, మిగిలిన ఓడల్ని విరగ్గొట్టే పనికి అదే కిహేయ్‌ని పిలిచారు. తను బిగించినవాటిని తనే ఊడదీసి, విరిగిన పలకలు పొయ్యిలోకి తెచ్చేవాడు. ఆయనతో పనిచేసే ఒక నావికుడు ఆ రెండు ఓడలు ఎలా పోయాయో చెప్పాడు. ఆ సాయంత్రం చిలగడదుంపలు ఉడుకుతుంటే మసుయో ఇక ఆగలేకపోయింది.

"రోజూ ఎవరికయ్యా ఆ దండం?"

"వేలమంది పిల్లలు పోయారే."

"వాళ్ళకే అయితే నాతో కలిసి పెట్టేవాడివి. ఆ హనయే కోసం కాదూ? వినుకో, ఆ రెండో డబ్బాలో ఉన్నది నేనే. దాని జుట్టు ఈ పొయ్యిలోనే కాల్చాను!"

కిహేయ్ నిప్పు ఎగదోశాడు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"మూత బిగించేముందు పాచికలు చూసుకోవద్దూ? తెరిచాను. నీ జుట్టు నా చేతికి తెలీదా?"

"మరి?"

"తీసేశాను."

"ఖాళీగా పంపావా?"

"వెళ్ళి మళ్ళీ అడిగాను. పాపం, ఎందుకని కూడా అనలేదు. ఈసారి మొత్తం కోసిచ్చేసింది."

చెవుల దాకా కత్తిరించిన ఆ తల మసుయో కళ్ళ ముందు మెల్లగా ఇటు తిరిగింది. ఓడిపోయినదాని తల కాదది.

"రెండోసారి అడిగావా?" అంది. "నన్ను తీసి అవతల పడేసి, దాన్ని రెండోసారి అడిగావా?"

"పడెయ్యలేదే." పనిముట్ల పెట్టె అడుగునుంచి నలిగిన కాగితపు పొట్లం తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. లోపల నల్లని, దళసరి పాయ. "నువ్వు రెండు ఓడల్లో ఉంటే ఏది పిలిస్తే అటు వెళ్ళిపోతావు. నాకు భయమేసింది. హనయేకి సముద్రంలో మనిషున్నాడు. నీకు నేనిక్కడే ఉన్నానుగా."

వినేవాళ్ళెవరైనా ఇంకేం కావాలంటారు. మసుయో ఆ పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు కూర్చుంది. దుంపలు మాడాయి. ఆ రాత్రి కూడా ఆమె అటు తిరిగే పడుకుంది.

కిహేయ్ పోయి చాలా కాలమైంది. మసుయో ఇప్పుడు పూర్తిగా తెల్లజుట్టు మనిషి, ఆ కొండ మీదే, అదే మూడో వరసలో. ఆ పొట్లం దేవుడి అరలో కిహేయ్ ఫోటో పక్కన ఉంటుంది. ఫోటో మాత్రం సముద్రం వైపు కాకుండా వంటింటి వైపు తిప్పి పెట్టింది. ఇదంతా చెప్పి, టీ తాగించి, రాసుకోవడానికి వచ్చిన నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మం పట్టుకుని నిలబడి పిలిచింది.

"బాబూ, ఒకటి మర్చిపోయాను. ఆ నావికుడు చెప్పాడు. దానిది ఆ రోజు పొద్దు గూకేసరికే మునిగిపోయింది. నాది మర్నాడు తెల్లారేదాకా తేలుతూనే ఉంది. అది తప్పకుండా రాయి."