ముందు మీకే చెప్తున్న

వరంగల్‌లో పిల్లల డాక్టరు సుభాషిణికి ఒక అలవాటుంది. పసివాళ్ళ ఒంటిమీద దెబ్బ అనుమానంగా కనిపిస్తే కుర్చీ వదిలి, తల్లిదండ్రుల పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంటుంది. గొంతు తగ్గిస్తుంది. మొన్న తొర్రూరు నుంచి వచ్చిన రాకేష్, రమ్యలతోనూ అలాగే అంది: "పాప మంచం మీదికెల్లి పడ్డదన్నరు. పడితే వీపు మీద బెల్టు వాతలు రావు. పిల్లల రక్షణ అధికారులకు నేను చెప్పాలె. మీకు తెల్వకుండ చెప్పను, ముందు మీకే చెప్తున్న."

రాకేష్ బల్ల గుద్దాడు. "నా బిడ్డ, కొట్టుకుంట, నీకేంది? నడువే రమ్యా!" సుభాషిణి కదలలేదు. "నన్ను తిట్టుండ్రి. పాప మాత్రం ఇయ్యాల ఈడనే ఉంటది." "మా సంసారంల నిప్పులు పోస్తివి గదనే" అని రమ్య కూడా శాపనార్థాలు పెట్టింది. రాకేష్ తలుపు తోసుకుని బయటికి నడిచాడు. రమ్య తిడుతూనే పాపను డాక్టరమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి, తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టింది.