నాన్‌స్టాప్‌కి డ్యూటీ వేసిన మట్టయ్యగారు

ఖాళీగా ఉన్నవాళ్లని చూస్తే మట్టయ్యగారికి చేతులు దురద పెడతాయి. కొట్టడానికి కాదు, డ్యూటీ వేయడానికి. ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో కూర్చుని డ్రైవర్లకీ కండక్టర్లకీ డ్యూటీలు వేసిన మనిషి. రిటైరై ఆరేళ్లయినా ఆ చేయి ఆగలేదు. గడ్డిఅన్నారంలో మా ఐదంతస్తుల అపార్ట్‌మెంటే ఇప్పుడు ఆయన డిపో. పొడుగాటి రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని లిఫ్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు. లిఫ్టు కోసం నిలబడ్డ పాపానికి గ్యాస్ సిలిండర్ తెచ్చినాయన పూలకుండీలకి నీళ్లు పోసి వెళ్లాడు. చుట్టపుచూపుగా వచ్చిన మా బావమరిది సంపు మూత కడిగి వెళ్లాడు. మళ్లీ మా ఇంటికి రాలేదు.

డ్యూటీ లేని మనిషిని ఆయన 'స్పేర్' అంటారు. డిపోలో బస్సు దొరక్క ఊరికే కూర్చున్న డ్రైవరుకి ఆ పేరట.

"స్పేర్ల ఉన్నోడు మంచోడే సార్. కాని కూసున్నకొద్ది చిరాకు పుడ్తది, మంది మీద పడ్తడు," అనేవారు.

ఈ సిద్ధాంతానికి ఒక పరీక్ష వచ్చింది. దాని వయసు నాలుగు నెలలు. మట్టయ్యగారి తమ్ముడు నల్గొండ పక్క పల్లెనుంచి ఒక వేటకుక్క పిల్లని తెచ్చి ఇచ్చిపోయాడు. చేలల్లో అడవిపందుల్ని తరిమే జాతి. పొడుగు మూతి, సన్నటి నడుము, నాలుగు దిక్కులకి పోయే నాలుగు కాళ్లు. ఈయన దానికి నాన్‌స్టాప్ అని పేరు పెట్టారు. అది పేరు నిలబెట్టుకుంది. పరుగెత్తే పిల్లల పిక్కలు పట్టింది, పాలప్యాకెట్ల సంచి పట్టింది. తినేటప్పుడు గిన్నె జరపబోతే, అన్నం పెట్టిన యాదలక్ష్మిగారి మీదే, అంటే మట్టయ్యగారి భార్య మీదే, గుర్రుమంది. చివరికి అసోసియేషన్ ప్రెసిడెంటు హనుమాయమ్మగారి కొత్త చెప్పు లాక్కుపోయి, ఆవిడ గుంజుకోబోతే చేతిమీద పన్ను దింపింది.

ఆవిడని దవాఖానకి తీసుకెళ్లి ఇంజెక్షన్ వేయించింది మట్టయ్యగారే. అయినా ఆవిడ తెనాలి గొంతు చల్లారలేదు.

"ఏవండీ, ఇది కుక్కా, పులా? నెలాఖరు ఆదివారం మీటింగు ఉంది. ఈలోగా ఇంకొక్కరిని కరిచిందంటే దీన్ని పంపించెయ్యాల్సిందే!"

"అది చెడ్డది కాదమ్మా. స్పేర్ల ఉన్నది. డ్యూటీ ఏస్తే సక్కగయితది."

"కుక్కకి డ్యూటీ ఏంటండీ, నా మొహం!"

మట్టయ్యగారు అప్పటికే రిజిస్టరు తెరిచారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై రెండేళ్లు బ్యాంకు పరీక్షలకి లెక్కలు చెప్పాను. చదువులన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయి మా కోచింగ్ సెంటరు మూతపడింది. మూడు నెలలుగా నేను మూడో అంతస్తు దిగలేదు. గడ్డం పెరిగింది. మా ఆవిడ బిందుమాధవి "కూర బాగుందా" అని అడిగినా కసురుకునేవాణ్ణి. కసురుకున్నాక నామీద నాకే అసహ్యం వేసేది.

ఆ సాయంత్రం మట్టయ్యగారు కుంటుకుంటూ వచ్చి మా తలుపు కొట్టారు.

"సార్, జర మదద్ చేయాలె. కుడి మోకాలు పట్టేసింది. నాన్‌స్టాప్‌ను తిప్పుడు నాతోని అయితలేదు. పొద్దుగాల ఐదున్నర, సాయంత్రం ఆరు. రిజిస్టర్ల మీ పేరు రాసిన."

"నాకు కుక్కలంటే భయమండీ!"

"దానికి గూడ మనుషులంటే భయమే సార్. అందుకే మీద పడ్తాంది. ఇద్దరికి సరిపోతది."

మర్నాడు తాడు పట్టుకుని దిగాను. గేటు దాటకముందే నా పంట్లాం పట్టింది. చెయ్యెత్తాను.

"కొట్టకుండ్రి సార్!" కుర్చీలోంచి కేక. "బస్సు ఆపుండ్రి!"

అంటే, అది పళ్లు వేసిందా, ప్రయాణం బంద్. అరవకుండా, గుంజలా నిలబడాలి. వదిలాకే మళ్లీ నడక. మొదటిరోజు సందు చివరికి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. ఏ సిటీబస్సుకీ అన్ని స్టాపులుండవు.

తర్వాత ముక్కుకి డ్యూటీ. నేను పాత చెప్పు ఒకటి కుండీల వెనక దాచాలి, అది వాసన పట్టి తెచ్చివ్వాలి, తెస్తే ఉడికిన గుడ్డుముక్క. తినేటప్పుడు గిన్నె ముట్టుకోవద్దన్నారు. దగ్గరికెళ్లి ఒక ముక్క వేసి వచ్చెయ్యాలి.

"గిన్నె కాడికి వచ్చెటోడు గుంజుకునెటోడు కాదు, ఇచ్చెటోడని దానికి తెల్వాలె సార్."

రెండో వారానికి పంట్లాం వదిలింది. మూడో వారానికి నేను గడ్డం గీసుకున్నాను. సందులో అందరూ "నాన్‌స్టాప్ సార్" అని పలకరిస్తుంటే గడ్డంతో తిరగడం సిగ్గేసింది. ఒకరోజు భోజనాల దగ్గర అడక్కుండానే "కూర బాగుంది" అన్నాను. బిందుమాధవి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆదివారం సెల్లారులో మీటింగు. హనుమాయమ్మగారు చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నారు. సరిగ్గా అప్పుడే నా చేతిలోంచి తాడు జారింది. నాన్‌స్టాప్ సూటిగా వెళ్లి ఆవిడ చెప్పు నోట కరుచుకుంది. ఈ పిల్లని పంపించేస్తే రేపు ఐదున్నరకి నేనెందుకు లేవాలి?

అది చెప్పు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి, కూర్చుని, గుడ్డుముక్క కోసం నా జేబువైపు చూసింది. నేను చెప్పు ఆవిడకి అందించాను.

"తడిసింది గానీ, తెగలేదండీ."

హనుమాయమ్మగారు చెప్పు తిప్పి తిప్పి చూశారు. తర్వాత కుక్కని చూశారు.

"ఆ గుడ్డుముక్క ఇటివ్వండి. నేను పెడతాను. పాపం, ఎదురుచూస్తోంది."

"ఇగ ప్రతి ఆయితారం గుడ్డు డ్యూటీ మీదేనమ్మా," అని రాసేసుకున్నారు మట్టయ్యగారు.

మర్నాడు పనిమీద ఎల్బీనగర్ వెళ్లాను. కదిలిన సిటీబస్సు వెనక ఒక పెద్దమనిషి పరుగెత్తుతున్నాడు. చంకలో పొడుగాటి రిజిస్టరు. కమ్మీ పట్టుకుని ఒక్క ఎగురుతో ఫుట్‌బోర్డు ఎక్కేశాడు. నాన్‌స్టాప్ కూడా అలా ఎగరదు. ఆ మోకాళ్లు చూసి నేను రోడ్డుపక్కన నోరు తెరుచుకు నిలబడిపోయాను.

అపార్ట్‌మెంటులో స్పేర్‌లో పడి అందరి మీదా పడుతున్నది కుక్కపిల్ల ఒక్కటే కాదని ఆయనకి ముందే తెలుసు. ధైర్యం చెప్పలేదు, జాలి పడలేదు. నాకు డ్యూటీ వేశారు, అంతే. కళ్లు చెమర్చాయి, దాంతోపాటే నవ్వూ వచ్చింది.

మర్నాడు ఐదున్నరకి దిగాను. మట్టయ్యగారు తాడు అందించడానికి కుర్చీలోంచి లేచి, కుంటుకుంటూ వచ్చారు.

"మోకాలు ఎలా ఉందండీ?"

"ఏడ తగ్గింది సార్! ఇంక ఆర్నెల్లు మీరే తిప్పాలె."

"ఇన్నాళ్లూ కుడికాలు కుంటేవారు. ఇవాళ ఎడమకాలేంటండీ?"

ఆయన ఒక్కసారి తన కాళ్లవైపు చూసుకున్నారు.

"కుడిదానికి ఇయ్యాల వీక్లీ ఆఫ్ సార్," అని, ఎడమకాలే కుంటుకుంటూ పోయి కుర్చీలో కూర్చున్నారు.