తాండూరు అని చదివిన వార్త

పదకొండేళ్ల కిందట, నవంబరులో ఒక మంగళవారం ఉదయం పదింపావుకు, ఫోనులో నేను ఒక మాట అన్నాను. "అందదు" అన్నాను. అప్పటి నుంచి ఆ మాటను మోస్తున్నాను. ఏడుపు తెప్పించే బరువు కాదది. చేయి తిమ్మిరెక్కినప్పుడు అది మనదో కాదో తెలియనట్టు ఉంటుందే, అలాంటి బరువు.

నా పేరు చెప్పను. వికారాబాద్‌లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

రిటైరయ్యాక ఊళ్లోని కేబుల్ చానల్‌లో ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి పది నిమిషాలు వార్తలు చదివేదాన్ని. దేశం వార్తలు కావు. వినపడని పిల్లలు, చూపు ఆనని పిల్లలు, చదువు నెమ్మదిగా ఎక్కే పిల్లలు ఉన్న ఇళ్లకు పనికొచ్చే వార్తలు. డాక్టర్లు ఏ మండలానికి ఏ రోజు వస్తారు, సర్టిఫికెట్‌కు ఏమేం పట్టుకెళ్లాలి, మూడు చక్రాల బండ్లు ఎక్కడ ఇస్తున్నారు, కాళ్లకు వ్యాయామం చేయించే అమ్మాయి సెలవు నుంచి వచ్చిందా లేదా. ఇవన్నీ అంతకుముందు ఆ పిల్లల పనులు చూసే సర్కారు ఆఫీసు గోడ మీద కాగితాలుగా ఉండేవి. ఆ పిల్లల తల్లుల్లో చాలామందికి చదవడం రాదు. అందుకే నోటితో చెప్పాలనుకున్నాను. ఊరు, తేదీ, సమయం రెండేసి సార్లు చదివేదాన్ని. కుల్కచర్లలో, బొంరాస్‌పేటలో పొయ్యి మీది కూర దించి మరీ టీవీ ముందు కూర్చునేవాళ్లట. టీచరమ్మ చెప్పిందంటే ఇంకెవరినీ అడగక్కర్లేదని అనుకునేవాళ్లట. ఆ మాట నాకు చాలా ఇష్టంగా ఉండేది. తప్పు అక్కడే మొదలైందేమో.

మూడేళ్లలో ఒక్క సవరణ కూడా చదవలేదు. పేపర్లలో మూలన చిన్న డబ్బాలో వేసే సవరణలు చూసి నవ్వుకునేదాన్ని.

చెవి పరీక్షల క్యాంపు ఆరు నెలలకోసారి జరిగేది. ఒకసారి వికారాబాద్‌లో, తర్వాతిసారి తాండూరులో. అందులో ఎంపికైన పిల్లలకు హైదరాబాద్‌లో డబ్బు తీసుకోకుండా ఆపరేషన్ చేసి, ఆ తర్వాత మాటలు నేర్పేవారు. ఐదేళ్లు నిండని పిల్లలకే. ఏ వార్తనైనా ఆఫీసుకు ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాకే చదవడం నా పద్ధతి. ఆ శనివారం ఎవరూ ఫోన్ ఎత్తలేదు. క్యాంపు మంగళవారమని తెలుసు, ఎక్కడో తెలియదు. పోయినసారి వికారాబాద్ కాబట్టి ఈసారి తాండూరు. లెక్క సరిగ్గానే ఉంది. ఆదివారం రెండుసార్లు చదివాను. తాండూరు. తాండూరు.

సోమవారం పదకొండింటికి తెలిసింది. తాండూరులో క్యాంపు పెట్టే బడి మరమ్మతులో ఉందట. ఈసారి కూడా వికారాబాద్‌లోనేనట. కేబుల్ నడిపే నర్సింలు మంచివాడు. "పొద్దుగూకినంక వచ్చి రెండు నిమిషాలు చదువుండ్రి టీచరమ్మా. తప్పు ఎవలకైన ఐతది. నేనైతే రోజుకు నాలుగు జేస్త" అన్నాడు. నేను వద్దన్నాను. టీవీలో కింద పరిగెత్తే అక్షరాల పట్టీ ఉంటుంది కదా, అందులో వేయమన్నాను. 'రేపటి చెవి పరీక్షల క్యాంపు వికారాబాద్‌లో.' సవరణ అన్న పదం కూడా పెట్టనివ్వలేదు.

చదవడం రాని తల్లుల కోసమే కదా నేను గొంతు విప్పింది? నోటితో చేసిన తప్పును అక్షరాలతో దిద్దాను. దిద్దేటప్పుడు ఆ సంగతి తోచలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. తోచింది. తోచినా ఊరుకున్నాను.

చదువొచ్చినవాళ్లు చూసి, ఒకరికొకరు చెప్పుకుని, మంగళవారం చాలామంది వికారాబాద్‌కే వచ్చారు. పేర్లు రాసే బల్ల పక్కన నాకూ ఒక కుర్చీ వేశారు. పదింపావుకు నా ఫోన్ మోగింది. చంద్రమ్మ. బొంరాస్‌పేట దగ్గర పల్లె ఆమెది, గొర్లు కాసుకునే ఇల్లు. ఆమె బిడ్డ శిరీషకు పుట్టినప్పటి నుంచి వినపడదు.

"టీచరమ్మా, నేను తాండూర్ల ఉన్న. గీడ ఎవ్వలు లేరు. బడికి తాళమేసున్నది."

"క్యాంపు ఇక్కడ, వికారాబాద్‌లో చంద్రమ్మా."

"మీరు టీవీల తాండూరనే చెప్తిరి గద?"

"వికారాబాద్ అనే చెప్పాను. నీకు దగ్గరవుతుందని నువ్వే తాండూరు అనుకున్నావేమో."

ఆమె వెనక ఎవరో మగమనిషి, "అమ్మా, జర జల్ది గానియ్. నా ఫోన్ల పైసలైపోతున్నయ్" అంటున్నాడు.

"నీ ఫోన్ ఎత్తుకపోత లేను తియ్యన్నా. రెండు చాయ్‌లు తాగిన గద నీ కాడ" అని అతనితో అని, మళ్లీ నాతో, "గంతేనేమో టీచరమ్మా. గొర్లెంబడి ఒర్లి ఒర్లి నా చెవులు గూడ పోయినట్టున్నయ్. పిల్లకు నాదే వచ్చిందో ఏమో" అని నవ్వింది. నిజంగానే నవ్వింది. తర్వాత అడిగింది. "ఇప్పుడు బస్సెక్కితే అందుతదా?"

"అందదు."

"మల్లెప్పుడు?"

"ఆరు నెలలకు."

"సరే. గప్పుడస్త తియ్యుండ్రి."

ఆరోజు ఒంటిగంట దాకా పేర్లు రాశారు. తాండూరు నుంచి బస్సులో గంటంపావు, మహా అయితే గంటన్నర. పన్నెండింటికల్లా వచ్చేసేది. ఫోన్ చెవి దగ్గర ఉండగానే ఆ లెక్క వేశాను. మరి ఎందుకు అలా అన్నాను? ఆమె వస్తే ఆ బల్ల దగ్గర నిలబడి, అందరి ముందు, టీవీలో తాండూరని విన్నానంటుంది. మేమూ అదే విన్నామని మరో నలుగురంటారు. ఇంతే. ఇంకేదైనా కారణం ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను. లేదు. డిసెంబరు తొమ్మిదికి శిరీషకు ఐదేళ్లు నిండుతాయని కూడా నాకు తెలుసు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ తీసుకొమ్మని చంద్రమ్మను ఆఫీసుకు పంపింది నేనే.

ఆ రోజు వచ్చిన పిల్లల్లో ఇద్దరినే ఎంపిక చేశారు. శిరీష వచ్చినా ఎంపికయ్యేదో లేదో ఎవరు చెప్పగలరు? ఆ ప్రశ్న చాటున చాలాకాలం దాక్కున్నాను. మంచి చాటు అది. కానీ డాక్టరు ఆ పిల్ల చెవులు చూసి చెప్పవలసిన జవాబును, కుర్చీలో కూర్చుని నేను చెప్పాను.

ఆరు నెలల తర్వాత తాండూరు క్యాంపుకు ఆమె అందరికంటే ముందే వచ్చింది. వయసు దాటిందన్నారు. బయటికొచ్చి, "పోయినసారి నేను సక్కగ ఇనుంటే అయిపోతుండె టీచరమ్మా" అంది. నేను ఆమె భుజం మీద చేయి వేశాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చేయి వేయడం తేలికైంది. ఆ తర్వాత ఆమె నా వార్తలు విన్నాక కూడా పక్కింటివాళ్లను అడిగి, తాను విన్నది సరేనా అని చూసుకునేదని తెలిసింది. నా మీద అనుమానంతో కాదు. తన చెవుల మీద.

చానల్ మూతపడేదాకా, ఇంకో నాలుగేళ్లు, చదివాను. ఒకసారి శాలువా కూడా కప్పారు. కప్పించుకున్నాను.

పోయిన నెల వికారాబాద్ బస్టాండులో వాళ్లిద్దరూ కనిపించారు. శిరీష తల్లికంటే ఎత్తు ఎదిగింది. ఐదో తరగతితో బడి మానేసి ఐదేళ్లయిందట, మంద వెంట వెళుతోందట. నేనెవరో గుర్తుందా అని చంద్రమ్మ సైగతో అడిగింది. ఆ పిల్ల వెంటనే తల ఊపి, గాలిలో వేలితో టీవీ అంత చదరం గీసి, తన పెదాలను చప్పుడు లేకుండా గబగబా కదిలించి చూపింది. వాళ్లింట్లో నా పేరు అదేనట. చంద్రమ్మ మురిసిపోయింది. బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయారు. నేను ఎందుకు వెళ్లానో ఆ పని చేసుకుని ఇంటికి వచ్చాను. అన్నం కూడా తిన్నాను.

చంద్రమ్మకు చెప్పలేదు. చెబుతానని మాట కూడా ఇవ్వను. చెప్పకుండా ఉండడం నాకు ఎంత బాగా అలవాటో మీరు చూశారు. మీకు మాత్రం చెప్పాను. చేతిలో కొద్దిగా స్పర్శ తెలిసినట్టుంది. అంతకంటే ఎక్కువ నాకు రావలసింది లేదు.

ఇక పోయినవి. ఒక పరీక్ష. దాని తర్వాత, జరిగేదేమో, జరగకపోయేదేమో, ఒక ఆపరేషన్. ఆ పిల్ల నేర్చుకుని ఉండేదేమో, ఆ మాటలు. ఐదో తరగతి పైన చదువు. తన చెవుల మీద చంద్రమ్మకు ఉండవలసిన నమ్మకం. అవి మంచి చెవులు, ఆ ఆదివారం సరిగ్గా విన్నాయి. నా వైపు నుంచి పోయింది ఏమీ లేదు. ఏడేళ్లు వార్తలు చదివాను. సవరణలు సున్నా.